అన్నం వేళకే మీటింగ్

నెమ్మదించండి, ఇంట్లోవాళ్లతో గడపండి అని చెప్పేవాళ్లే అందరూ. బెంగళూరులో ఎప్పుడు గడపాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. పొద్దున సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్, సాయంత్రం మళ్లీ అక్కడే. బతుకంతా ఆ సిగ్నల్ దగ్గరే తెల్లారిపోయేలా ఉంది.

ఇంటికొచ్చాక ఇంకో గోల. నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్లు పొద్దుటి వెలుతురు కోసం గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు. న్యూయార్క్ వాళ్లతో మా మీటింగ్ అక్కడి పొద్దున 9కి. అంటే అప్పటిదాకా మనకు సాయంత్రం ఆరున్నర, ఆ రోజు నుంచి ఏడున్నర. సరిగ్గా అమ్మ కంచాలు పెట్టే వేళ! వాళ్ల సూర్యుడికీ మా ముద్దపప్పుకీ ఏం సంబంధమో. కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, ముద్ద నోట్లో పెట్టుకోగానే నా పేరు పిలుస్తారు. ఎలా తెలుస్తుందో మరి!

కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే శనక్కాయల జాతర. దొడ్డ బసవన్న గుడి దారి పొడవునా కుప్పలే కుప్పలు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి. మన ఆంధ్రా వైపు నుంచి కూడా తెచ్చి అమ్ముతారు. పిల్లాణ్ని భుజానెక్కించుకుని, ఒక పొట్లం కొని, అందరం ఒలుచుకుంటూ తిరగడానికి ఎంతవుతుంది చెప్పండి? లీవు అడిగితే, "శనక్కాయలకా?" అని నవ్వాడు మేనేజరు. పెళ్లికిస్తారు, చావుకిస్తారు. అమ్మతో కలిసి శనక్కాయలు తినడం మాత్రం కారణం కాదట.

ఈసారి జ్వరమనే చెప్తాను.