చారానా కోడికి ఒక బారానా లేఖ

ప్రియమైన చారానా కోడీ,

ఎట్లున్నవ్? సేఫ్‌ల నిలబడి నిలబడి నడుం గుంజుతుందా? నిన్న రాత్రి నీకు నూనె గుడ్డ తుడుస్తుంటే మా ఆవిడ వంటింట్ల నుంచి "దానికి దిష్టి గూడ తియ్యిర్రి" అన్నది, అది నువ్వు వినలేదనే అనుకుంటున్న. విన్నా ఏమనుకోకు, ఆమె కోపం నీ మీద కాదు, క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్ మీద.

నిన్ను కంపెనీ పేరుతో పిలవను. తప్పు నీది గాదు గనక ఊరికే నీ ఇంటిపేరు బజార్ల పెట్టుడెందుకు. నువ్వు పాయింట్ టూ టూ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌వి, అంటే సన్న తూటా తిని, ప్రతిసారీ చేత్తోని పిడి తిప్పితేనే కాలేటిదానివి, ప్లాస్టిక్ ఒళ్ళు, ఇనుప గొట్టం, 280 డాలర్లు. చారానా కోడికి బారానా మసాలా అని హైదరాబాద్‌ల ఊకె అంటుంటం గదా, ఆ సామెతకి బోల్టు బిగించి బయటికి పంపితే అది నువ్వు.

అసలు నిన్ను తెచ్చుకునుడే ఒక కథ. హెచ్-వన్ మీద ఉన్నన్ని రోజులు తుపాకి ముట్టుకునే యోగం లేదు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదన్న ఉంటే తప్ప చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డ్ క్యూల సగం జుట్టు రాలిపోయినంక కార్డ్ వచ్చింది, వచ్చిన నెలకే టెక్సస్‌ల ఒక షాప్‌ల నిలబడి తుపాకి కొనేటోళ్ళు నింపే ఫారం 4473 నింపుతున్న. అమెరికాల నేను నింపిన ఫారాలల్ల లాయర్ ఫీజు లేనిది అదొక్కటే, ఆ సంతోషంల చెయ్యి వణికి రెండుసార్లు కొట్టేసి రాసిన. కౌంటర్ వెనకున్నాయన నా పేరు మొత్తం చదివి, కంప్యూటర్ల పట్టక ఇంకోసారి చదివి, ఎఫ్‌బీఐ చెకింగ్‌కి పంపి "డిలేడ్ అని వచ్చింది, మళ్ళ ఫోన్ చేస్తం" అన్నడు. నాకేం కొత్త గాదు, ఈ దేశంల మొదటి రోజు నుంచీ నా స్టేటస్ అదే.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ చాలాసేపు మాట్లాడలే. మా ఊర్ల తుపాకి అంటే రెండే రకాలు, ఒకటి పోలీసులది ఒకటి అన్నలది, రెండూ రాత్రిపూటనే తలుపు కొట్టేటియి. "ఎందుకు బిడ్డా మనకు" అన్నది గంతే. మూడోరకం తుపాకి గూడ ఉంటుండె, పిట్టలదొరది. చిన్నప్పుడు ఖాకీ నిక్కరు, టోపీ, భుజాన కట్టె తుపాకితోని వచ్చి ఏడు సముద్రాల అవతల పులిని ఎట్ల కొట్టిండో చెప్పి పిల్లలందరినీ నవ్వించి బియ్యం అడుక్కపోయేటోడు. "అమ్మా, నాది పిట్టలదొర తుపాకి అనుకో" అన్న. అప్పుడు నవ్వింది. ఆ మాట ఇంత నిజమైతదని నాకు మాత్రం ఏం తెలుసు.

బామ్మర్ది అయితే వేరే లెవెల్. "బావా, ఇక్కడైతే 1959 ఆయుధాల చట్టం, కమిషనర్ ఆఫీస్ చుట్టూ తిరుగుడు, పోలీస్ ఎంక్వైరీ, అన్నీ అయినంక ఇషాపూర్ ఫ్యాక్టరీ పాయింట్ టూ టూ ఒకటి దొరికితే దొరుకుతది, ఇంతకుముందు లైసెన్స్ మీద మూడు ఉంచుకోనిస్తుండె, 2019ల సవరించి రెండే అన్నరు, నువ్వు మాత్రం పాల ప్యాకెట్ కొన్నట్టు కొనుక్కొచ్చినవ్" అని కుళ్ళుకున్నడు. పాల ప్యాకెట్‌కి స్కోప్, అదే గురి చూసే దుర్భిణి, అక్కర్లేదు రా అని చెప్పాలనిపించింది గానీ అప్పటికి నాకు గూడ తెల్వదు.

నిన్ను ఎంచుకున్నప్పుడు మాత్రం నా తెలివి మంచిగనే పనిచేసిందని ఒప్పుకోవాలె. అందరూ రూగర్ 10/22 కొనమన్నరు, 1964 నుంచి వస్తున్నది, ట్రిగ్గర్ గుంజినప్పుడల్లా దానంతట అదే లోడ్ అయితది, మస్తు మజా. కానీ నాకు తెలుసు నా సంగతి, బఫేల ప్లేట్ ఆగనట్టు అదొస్తే తూటాల డబ్బాలు ఆగవు. బోల్ట్ అయితే ప్రతిసారీ పిడి ఎత్తాలె, వెనక్కి గుంజాలె, ముందుకు తొయ్యాలె, దింపాలె, ఆ మధ్యల మనిషికి కొంచెం సిగ్గు వస్తది. పైగా కదిలే భాగాలు తక్కువ గనక చవకలనే మంచి గురి ఇస్తది. శావేజ్ మార్క్ టూ చూసిన, కెనడాల లేక్‌ఫీల్డ్ అనే ఊర్ల తయారైతదట, ట్రిగ్గర్ మనమే మెత్తగ చేసుకోవచ్చు. రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ చూసిన, 10/22 మ్యాగజైనే, అదే తూటాలు నింపే డబ్బీనే, దీనికీ పడుతది. సీజెడ్ 457 చేతిల పట్టుకోని వాల్‌నట్ కట్టెని ఒకసారి నిమిరి, ధర చూసి, నగల షాప్‌ల మా నాన్న చేసినట్టే మర్యాదగ వెనక్కి పెట్టిన. ఆఖరికి నువ్వు. నల్లగ, సన్నగ, ఏ ఆడంబరం లేకుండా మూల నిలబడ్డవ్.

నీ వంశం గూడ చిన్నది కాదని తర్వాత తెలిసింది. నువ్వు తినే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటాని 1887ల స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది, మా తాత పుట్టకముందు సంగతి. అంటించే మందు తూటా నడుమ ఉండదు, అడుగున ఉన్న అంచు లోపల ఉంటది, నీ పిన్ను పోయి ఆ అంచుని నలిపితే ఢాం. అందుకనే రిమ్‌ఫైర్ అన్నరు. ఒకసారి పేలిన గుల్లని మళ్ళ నింపుకునే లెక్క లేదు, ఇస్తరాకు లెక్క పారేసుడే. ఒకటికి ఎనిమిది పది సెంట్లు. ఇంత పొదుపు వస్తువు ఇంట్ల ఉంటే ఎవనికి ధైర్యం రాదు చెప్పు?

ఇగ అసలు ముచ్చట, స్కోపు.

మొదటి స్కోపు 60 డాలర్లు, 3-9 బై 40, అంటే మూడు నుంచి తొమ్మిదింతలు పెద్దగ చూపిస్తది, ముందు గాజు 40 మిల్లీమీటర్లు, డబ్బా మీద జింక బొమ్మ. జింక బొమ్మ ఉన్నదంటే అది నీ కోసం కాదు అని అర్థం, అది నాకు చెప్పినోడు లేడు. తెచ్చినంక స్కోపుని నీకు బిగించే రింగులు పట్టలే. నీ వీపు మీద సన్న గాడి, మూడు ఎనిమిదో వంతు అంగుళం డవ్‌టెయిల్, నేను తెచ్చినవి వీవర్ పట్టాకి పట్టే వెడల్పు రింగులు. స్కూటర్ టైర్ తెచ్చి సైకిల్‌కి ఎక్కిస్తున్నట్టు గంటసేపు కుస్తీ పట్టిన. రెండో జత గాడిల కూర్చున్నయి, కానీ పొట్టియి, బోల్ట్ పిడి ఎత్తితే పోయి స్కోపు వెనక గాజుకి టక్కున తగులుడు. మూడో జత పొడుగువి. ఇప్పుడు బోల్ట్ తిరుగుతది గానీ స్కోపు ఎంత ఎత్తుకి పోయిందంటే, కంటితోని చూస్తే చెంప ఆనదు, చెంప ఆనిస్తే కన్ను అందదు, పెండ్లి ఫొటోల వెనక వరుసల మరుగుజ్జు లెక్క మెడ సాపుకోని చూసుడు. నీ స్టాక్ మీద, అదే చెంప ఆనే ప్లాస్టిక్ మీద, స్పాంజ్ పెట్టి, గుర్రాల కాళ్ళకి చుట్టే పట్టీ తెచ్చి చుట్టిన. కట్టు కట్టిన నిన్ను చూసి మా పాప "దానికి ఏమైంది డాడీ, కిందపడ్డదా" అని అడిగింది.

క్రాస్‌హెయిర్, అదే స్కోపుల కనపడే అడ్డం నిలువు గీతలు, నిలువుగ ఉండాలె, లేకుంటే పైకి తిప్పితే పక్కకి పోతది అన్నరు. గ్యారేజ్‌ల దారానికి తాళంచెవుల గుత్తి వేలాడదీసి దానితోని సరిచేసిన. అది మాత్రం ఫస్ట్ క్లాస్ వచ్చింది, గొప్ప చెప్పుకోనియ్. తెల్లారి కారు తాళం ఎక్కడున్నదో ఇంటిల్లిపాదీ గంట వెతికినం.

రేంజ్‌కి, అదే తుపాకి కాల్చే మైదానానికి, పోయినం. నువ్వు బోల్ట్ రైఫిల్‌వి గనక ఒక సుఖం ఉన్నది, బోల్ట్ ఊడదీసి గొట్టంల నుంచి నేరుగ 25 గజాల టార్గెట్‌ని చూసి, నిన్ను కదపకుండ స్కోపు గీతలు గూడ దాని మీదికే తెస్తే చాలు, మొదటి తూటానే కాగితం మీద పడుతది. పడ్డది. నేను అప్పుడే దొరనైపోయిన. 50 గజాలకి పోయినం, మూడు అంగుళాలు కుడికి పడుతున్నయి. డబ్బా మీద "ఒక క్లిక్కు పావు అంగుళం" అని ఉన్నది, అంటే 12 క్లిక్కులు, తిప్పిన. ఒకటిన్నర అంగుళమే జరిగింది. స్కోపుని తిట్టిన, దాని కంపెనీని తిట్టిన, మళ్ళ 12 తిప్పి ఇటు తిట్టి అటు తిట్టి చూస్తే పక్క బెంచీల ముసలాయన "ఆ పావు అంగుళం 100 గజాల లెక్క బాబూ, 50ల సగమే" అన్నడు. సెకండ్ క్లాస్ మ్యాథ్స్. నేను డేటా ఇంజనీర్‌ని అని ఆయనకి చెప్పలే.

నడిమికైతే వచ్చినయి గానీ ఐదు తూటాలు ఐదు ఊర్లల్ల. మూడు అంగుళాల గుంపు. ఇంటికొచ్చి రాత్రంతా చదివితే ఒక మాట దొరికింది, పారలాక్స్. ఆటోల వెనక సీట్ల పక్కకి కూర్చోని మీటర్ చూస్తే ముల్లు ఒక అంకె మీద, డ్రైవర్ సీట్ల నుంచి చూస్తే ఇంకో అంకె మీద కనపడుతది చూడు, అదే. పెద్ద రైఫిళ్ళ స్కోపులు 100 గజాలకో 150కో సెట్ చేసి ఉంటయి, రిమ్‌ఫైర్‌వి 50, 60 గజాలకి. జింక బొమ్మ స్కోపుని 50లకి వాడితే తల కొంచెం అటూ ఇటూ జరిగినా గీతలు టార్గెట్ మీద నాట్యం చేస్తయి. దొంగ దొరికిండు! వెంటనే 210 పెట్టి ముందు గాజు చుట్టూ రింగు తిప్పితే దూరం సరిచేసుకునే స్కోపు తెప్పించిన. పెట్టిన, పోయిన, కాల్చిన. మూడు అంగుళాలు.

తర్వాత లెక్క చేసి చూసుకుంటే ఏడుపు వచ్చింది. 40 మిల్లీమీటర్ల గాజు, 100 గజాలకి సెట్ చేసింది, 50 గజాల కాడ తల ఎంత దరిద్రంగ పెట్టినా గురి ఒక సెంటీమీటర్ దాటి జరగదు. ఒక్క సెంటీమీటర్ తప్పుకి 210 డాలర్ల శిక్ష వేసిన.

అప్పుడు నీ తిండి మీద పడ్డ. ప్రతి రైఫిల్‌కీ ఒక తూటా పడుతది, ఇంకోటి పడదు అన్నరు, మా అత్తమ్మకి సోనా మసూరి తప్ప వేరే బియ్యం పడనట్టు. ఏడు రకాలు తెచ్చిన. హై వెలాసిటీవి సెకనుకి 1200 అడుగుల పైన పోతయి, డబ్బా మీద మెరుపు బొమ్మలు, కానీ దార్ల వేగం తగ్గి శబ్దవేగం దాటేకాడ కుదుపు తిని జర ఆగం చేస్తయి. నీకు నచ్చింది 1070 అడుగుల స్టాండర్డ్ వెలాసిటీ, మెత్తగ, చప్పుడు తక్కువ, ధర గూడ నడిమి రకం. దానితోని గుంపు రెండున్నరకి వచ్చింది. మధ్యల నిన్ను తళతళ మెరిసేటట్టు కడిగిన కూడా, కడిగితే ఇంకా పాడైంది, తూటా మీద మైనం గొట్టంల మళ్ళ పూత పట్టేదాక నువ్వు అలిగే ఉంటవని తర్వాత తెలిసింది. (ఆ మైనంతోని సీసం గూడ వేళ్ళకి అంటుతది. పులిహోర డబ్బా తీసే ముందు చేతులు సబ్బుతోని కడుక్కోర్రి, ఇది మాత్రం జోక్ కాదు.)

నాలుగో శనివారం ఆ ముసలాయనే వచ్చి, నిన్ను చేతిలకి తీస్కోని, అడుగున ఉన్న స్క్రూని వేలితోని ముట్టి చూసి నవ్విండు. నీ ఇనుప భాగాన్ని ప్లాస్టిక్ స్టాక్‌కి పట్టి ఉంచే స్క్రూ. వదులు. నేను ఎంత బిగువో కొలిచి చూపే 55 డాలర్ల టార్క్ స్క్రూడ్రైవర్ కొని స్కోపు రింగులని గోల్డ్ షాప్ తూకం లెక్క బిగించిన గానీ, నిన్ను మాత్రం ఒక్కసారి గూడ తిప్పి చూడలే. ఆయన జేబుల చిన్న స్పానర్‌తోని అర చుట్టు తిప్పిండు. నాకు ఇచ్చిండు. ఐదు తూటాలు, 50 గజాలు, క్వార్టర్ బిళ్ళ పెడితే మూతపడ్డయి.

నీకు సారీ చెప్పిన, గుర్తుందా? ఆ ఊపుల 100 గజాలకి గూడ కాల్చిన, ఆరేడు అంగుళాలు కిందికి పడ్డయి, జర గాలి రాంగనే ఇంకో నాలుగు అంగుళాలు పక్కకి. అది నీ లోపం కాదు, 40 గ్రెయిన్ల, అంటే రెండున్నర గ్రాముల సీసం ముక్కకి అంతే బలం.

లెక్క రాసుకున్న. రెండు స్కోపులు 270, మూడు జతల రింగులు 90, ఆ స్క్రూడ్రైవర్ 55, ఇసుక సంచులు 40, బైపాడ్ 70, కవర్ 60, చెవుల డిప్పలు 45, తూటాలు 95, రేంజ్ మెంబర్‌షిప్ 100, నీ కట్టు 15. మొత్తం 840. నువ్వు 280. సామెత కనిపెట్టినోడు ఎవడో గానీ అణా పైసలతో సహా కరెక్ట్‌గ చెప్పిండు.

మొన్న కూర్చోని మన షూటర్ స్వప్నిల్ కుసాలే వీడియో చూసిన, 2024 పారిస్ ఒలింపిక్స్‌ల 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమలల్ల కాంస్యం. మన గగన్ నారంగ్ 2012ల లండన్‌ల పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల, కానీ ఆయన గూడ ఈ 50 మీటర్లు కాల్చినోడే. ఈ 50 మీటర్లల్ల కాల్చేది నీ తూటానే, అదే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్. పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలు గోరంత. దానికి వాళ్ళకి స్కోపు పెట్టుకునే అనుమతే లేదు, చిన్న బెజ్జంల నుంచి చూసి కొడుతరు. వాళ్ళ రైఫిళ్ళ ధర వేరే లోకం, అది నాకు తెలుసు, అయినా వీడియో ఆపి నిన్ను చూసిన, నీ మీదున్న రెండో స్కోపుని చూసిన, పిట్టలదొర యాదికొచ్చిండు. ఆయన కట్టె తుపాకికి స్కోపు లేదు, రింగులు లేవు, ఒక్కసారి గూడ గురి తప్పలే.

ఇట్లు,
నీ బారానా మసాలా

తా.క.: గురువారం ఒక చిన్న డబ్బా వస్తది, ఆవిడ చూడకముందే తీస్కోవాలె. బెజ్జం సైట్లు, 90 డాలర్లు. వెనకది నీ గాడిల మంచిగనే కూర్చుంటది గానీ, ముందుది పెట్టుటందుకు నీ గొట్టం చివర్న ఏ ఏర్పాటూ లేదని ఇప్పుడే చూసిన. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌ని అడిగితే 120 అన్నడు.