గుర్రాలు గుర్తున్నాయి... గేటు?

వాషింగ్టన్‌ శివార్లలో, పోటోమాక్ నది ఒడ్డున గ్లెన్ ఎకో అని ఓ బుల్లి ఊరు. జనం కొన్ని వందలే. ఊరికి పేరు తెచ్చింది పాత వినోదాల పార్కు. 1891లో ఉపన్యాసాల వేదికగా మొదలైన ఆ స్థలాన్ని 1911లో ట్రామ్ కంపెనీ కొనేసింది. ఆదివారం కూడా బండి నిండాలంటే లైను చివర ఏదో సందడి ఉండాలి కదా! 1921లో రంగులరాట్నం వచ్చింది. 40 గుర్రాలు, 4 కుందేళ్లు, 4 నిప్పుకోళ్లు, ఒక సింహం, ఒక పులి, జిరాఫీ, జింక... అన్నీ చెక్కతో మలిచినవే. ఆ తర్వాత 3,000 మంది దిగగల ఈతకొలను, డాన్సు హాలు.

పేరుకు రంగులరాట్నం. ఎక్కడానికి మాత్రం ఒకటే రంగు. 1960 జూన్ 30న నల్లజాతి విద్యార్థులు కొందరు, తెల్ల స్నేహితులు కొనిచ్చిన టికెట్లతో ఆ గుర్రాలెక్కి కూర్చున్నారు. కాపలాదారు దిగమన్నాడు, వాళ్లు దిగలేదు. ఐదుగురిని అరెస్టు చేశారు. 'నీది ఏ జాతి?' అని కాపలాదారు గద్దిస్తే, ఉద్యమకారుడు లారెన్స్ హెన్రీ తనది మానవజాతి అన్నాడు. ఆ వేసవంతా గేటు ముందు నిరసనలే. పక్కనున్న బానక్‌బర్న్ కాలనీవాసులు, వారిలో ఎక్కువమంది యూదులు, విద్యార్థుల వెంట నిలిచారు. 1961లో గేటు అందరికీ తెరుచుకుంది. 1964లో సుప్రీంకోర్టు ఆ ఐదుగురి శిక్షలు కొట్టేసింది. వారిలో ఒకరైన గ్వెండొలిన్ బ్రిట్ తర్వాత మేరీల్యాండ్ రాష్ట్ర సెనేటర్ అయ్యారు.

పార్కు 1968లో మూతపడింది. రాట్నం చేజారబోతే స్థానికులు 80,000 డాలర్లు పోగుచేసి నిలబెట్టుకున్నారు. జాతీయ పార్కుల శాఖ సంరక్షణలో అది నేటికీ తిరుగుతోంది. ఆ పట్టుదలను మెచ్చుకోవాల్సిందే. అయితే గుర్రాలకు వేసిన కొత్త రంగు కింద గేటు కథ కప్పబడిపోకూడదన్నది మా మాట.

మన జాతరల జ్ఞాపకాలూ ఇలాంటివే. జీళ్లు, బూరలు, జెయింట్ వీల్, తప్పిపోయిన తమ్ముడు... అన్నీ రాస్తాం. వెలివాడ పిల్లలు ఎంతవరకు రాగలిగేవారో, గుడి మెట్లకు ఎంత దూరంలో నిలబడేవారో రాసేవాళ్లు తక్కువ. రాసినా, పండగపూట ఆ గొడవెందుకంటాం.

వాషింగ్టన్ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఆ చెక్క గుర్రాలను దర్జాగా ఎక్కవచ్చు. 1960 జూన్‌లో వెళ్లి ఉంటే, ఆ కాపలాదారు వాళ్లను ఏ జాతి కింద లెక్కగట్టేవాడో!