మహారాజశ్రీ వర్క్‌షాప్ గారికి, బోల్టుల ఫ్యాక్టరీ నుంచి

మహారాజశ్రీ కెపాసిటీ బిల్డింగ్ వర్క్‌షాప్ గారి దివ్య సముఖానికి, బోల్టులు చేసుకుని బతికే చిన్న ఫ్యాక్టరీవాడు నమస్కరించి వ్రాయు విన్నపం.

నిన్న మధ్యాహ్నమంతా తమ సన్నిధిలోనే గడిపాను. ‘చిన్న పరిశ్రమల హరిత పరివర్తన’ అన్న బ్యానర్ చూసి, ఫర్నేస్‌ను సూపర్‌వైజర్‌కు అప్పజెప్పి మరీ వచ్చాను. స్వాగతోపన్యాసం అయింది. ముఖ్య అతిథి వీడియో సందేశం అయింది. గ్రూప్ ఫోటో అయింది. ఆ తరువాత, మీ సమస్యలను రంగు చీటీల మీద రాసి గోడకు అంటించండి అన్నారు. ‘ఫర్నేస్ తలుపు సందుల్లోంచి వేడి పోతోంది, లోపలి గోడల లైనింగ్ మార్చడానికి అప్పు పుట్టడం లేదు’ అని రాశాను. నడిపిస్తున్నావిడ చదివి ఎంతో మురిసిపోయి, దాన్ని ‘ఫైనాన్స్ అందుబాటు’ అనే శీర్షిక కింద అంటించారు. అక్కడ అప్పటికే చోటు లేదు, పక్క చీటీ మీదకి కాస్త ఎక్కించారు. గోడకు ఫోటో తీశారు. చీటీలన్నీ పీకి సంచిలో వేసుకున్నారు. నా చేతికి సర్టిఫికెట్ ఇచ్చారు.

మరి లైనింగ్ సంగతి? అని అడిగితే, ఇది అవగాహన దశ అండీ, అమలు తరువాతి దశలో ఉంటుంది అన్నారు. కిందటిసారి కూడా అవగాహన దశే.

అయ్యా, నాకు అవగాహనకేం లోటు లేదు. పొగగొట్టంలోంచి వెళ్లిపోయే వేడితో బర్నర్‌కు వెళ్లే గాలిని ముందే కాచుకుంటే గ్యాస్ ఖర్చు తగ్గుతుందని తెలుసు. గాలి అవసరానికి మించి తోస్తే ఆ గాలిని కూడా నేనే వేడిచేసి ఆకాశానికి దానం చేస్తున్నానని తెలుసు. సరిగ్గా చూసుకోని ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ కొట్టిన గాలిలో 20 నుంచి 30 శాతం వరకు లీకుల్లోనే పోతుందనీ తెలుసు. ఇవన్నీ తమరే స్లైడ్ల మీద చూపించారు. ఎన్నిసార్లు చూపించారంటే, వచ్చే స్లైడు ఏమిటో పక్కవాడికి నేనే ముందు చెప్పేస్తున్నాను. ఆ పొగగొట్టం దగ్గర నిలబడి, పోయే పొగలో ఆక్సిజన్ ఎంత, వేడి ఎంత అని కొలిచి, ఇదిగో నీ నష్టం ఇంత అని కాగితం మీద రాసిచ్చే మనిషిని మాత్రం తమరు ఇంతవరకు నాకు చూపించలేదు. ఆ కాగితం ఉంటే బ్యాంకులో కనీసం నోరు విప్పి మాట్లాడగలను. ఇప్పుడు బ్యాంకువాళ్లు తాకట్టు ఏం పెడతావంటున్నారు, తమరేమో ‘బ్యాంకబుల్ ప్రాజెక్టు’, అంటే బ్యాంకు అప్పిచ్చేలాంటిది, తయారుచేసుకో అంటున్నారు. మధ్యలో నిలబడినవాడికి సర్టిఫికెట్ ఒకటి. శుష్క ప్రియాలు, శూన్య హస్తాలు.

పైవాళ్ల దగ్గర డబ్బు లేదా అంటే, ఉందంటారు. గ్రీన్ క్లైమేట్ ఫండ్ అని దక్షిణ కొరియాలో సొంగ్డో అనే చోట ఒక పెద్ద నిధి ఉందట. నాలాంటివాడు నేరుగా వెళ్లి తలుపు తట్టకూడదు. అక్రెడిటేషన్, అంటే ఆ నిధివాళ్ల గుర్తింపు, పొందిన సంస్థ ద్వారానే వెళ్లాలి, ఆ సంస్థకు అక్రెడిటేషన్ రావడమే ఒక తపస్సు. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు, వర్ధమాన దేశాల వాతావరణ పనుల కోసం 2020 కల్లా ఏటా పది వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ అంకె 2022లో చేరామని, ఎక్కువగా ధనిక దేశాలే ఉన్న ఓఈసీడీ కూటమి లెక్క చెప్పింది. రెండేళ్లే కదా ఆలస్యం. నేను ఆర్డరు రెండు వారాలు ఆలస్యం చేస్తే కొనేవాడు మళ్లీ ఫోన్ ఎత్తడు, అది వేరే విషయం.

ఇంతలో ఐరోపా వాళ్ల కార్బన్ సుంకం, అంటే సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి దిగుమతుల మీద వేసేది. సిమెంటు, అల్యూమినియం, ఉక్కుతో పాటు బోల్టులు, నట్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2023 అక్టోబర్ నుంచి దిగుమతిదారులు లెక్కలు సమర్పించడం మొదలైంది, 2026 జనవరితో అసలు దశ వచ్చేసింది. ఒక్కో టన్నుకు ఎంత కార్బన్ అని కొనేవాడు నన్ను అడుగుతున్నాడు. ఎక్సెల్ షీటు పంపాడు. దాన్ని నింపడానికి మీటర్లు కావాలి, మీటర్లకు డబ్బు కావాలి. సహాయం చేయండి మహాప్రభో అని మిమ్మల్ని అడిగితే ఏం వచ్చింది? వెబినార్ లింక్. అందులో అందరూ మ్యూట్.

నాకు మండేది ఎక్కడో చెబుతాను వినండి. మీ ఐక్యరాజ్యసమితి సంస్థల వాళ్లకు చేతకాక కాదు. చేతనవును. ఓజోన్ పొర చిరిగిపోతోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం రాసుకున్నప్పుడు ఏం చేశారు? 1991లో ఆ పని కోసం మల్టీలేటరల్ ఫండ్ అనే ఉమ్మడి నిధి పెట్టారు. ఐక్యరాజ్యసమితిలో పరిశ్రమలు చూసే యునిడో, అభివృద్ధి చూసే యూఎన్‌డీపీ, పర్యావరణం చూసే యూఎన్‌ఈపీ, వాటితో ప్రపంచ బ్యాంకు రంగంలోకి దిగాయి. ఫ్రిజ్‌లు, ఫోమ్ తయారుచేసే ఫ్యాక్టరీలు ఓజోన్‌ను తినేసే సీఎఫ్‌సీ వాయువులు మానేసి వేరే పద్ధతికి మారడానికి అయ్యే అదనపు ఖర్చు ఇచ్చారు. అదనపు ఖర్చు! యంత్రాలకి! పాత యంత్రాన్ని మళ్లీ వాడకుండా ధ్వంసం చేశావా లేదా అని కూడా చూశారు. ప్రపంచంలోని దేశాలన్నీ సంతకం పెట్టిన ఒప్పందం అది, పనిచేసింది కూడా. 1994 నుంచి యునిడో, యూఎన్‌ఈపీ కలిసి దేశదేశాల్లో క్లీనర్ ప్రొడక్షన్ (వృథా, కాలుష్యం తగ్గించే తయారీ) కేంద్రాలు పెట్టాయి. ఆ మనుషులు ఫ్యాక్టరీల్లోకి వచ్చి, నీళ్లు ఎక్కడ పోతున్నాయి, ముడిసరుకు ఎక్కడ వృథా అవుతోంది అని తిరిగి చూశారు. నిజం చెప్పాలంటే ఆ తరం వాళ్ల మీద నాకు గౌరవమే. చేతికి మసి అంటినవాళ్లు వాళ్లు.

మరి నీకేమైంది? (తమరు, గారు అనడం ఇక నావల్ల కాదు.) డబ్బు లేదంటావు. ఒప్పుకుంటాను, యునిడోలోంచి 1996లో అమెరికా, 2012లో బ్రిటన్ వెళ్లిపోయాయి. చందా కట్టే పెద్దవాళ్లు తప్పుకుంటే చిన్నవాడి కొలిమికి ఏం మిగులుతుంది? అయితే మరి ఆ మిగిలినదాన్ని హాలు అద్దెకు, కన్సల్టెంటు టికెట్టుకు, ఫోల్డర్ల మీద ఆకు బొమ్మకు ఎందుకు పోస్తున్నావు? వర్క్‌షాప్ పెడితే లెక్క చూపడం తేలిక కాబట్టి. లైనింగ్ మార్చిన ఫర్నేస్ ఒకటి అంటే రిపోర్టులో ఒకటే. హాల్లో కూర్చున్న తలకాయలైతే ‘ప్రత్యక్ష లబ్ధిదారులు’. నేను టీ తాగడానికి లేచినా లబ్ధిదారుడినే, నిద్రపోయినా లబ్ధిదారుడినే. నువ్వు చెప్పింది వింటూ మేము తల ఊపితే చాలు, నీ పట్టికలో భూగోళం చల్లబడుతుంది.

వచ్చే నెల మళ్లీ వస్తావట, ఈసారి అంశం డిజిటల్ పరివర్తనట. రా, వద్దననను. హోటల్‌కు మాత్రం కాదు, నేరుగా షెడ్డుకు రా. మోటార్లన్నీ ఆపాక గాలి లైన్ పక్కన నడువు, ఏ జాయింట్ బుస్సుమంటోందో స్లైడు లేకుండానే తెలుస్తుంది. పొగను కొలిచే యంత్రం ఒకటి, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఒకరు, బ్యాంకుకు నా తరఫున పూచీ పడతామనే ఉత్తరం ముక్క ఒకటి. ఈ మూడూ తెస్తే గ్రూప్ ఫోటోలో ముందు వరసలో నేనే నవ్వుతూ నిలబడతాను. బ్యానర్ మాత్రం తేవద్దు, ఇక్కడ గోడలన్నీ మసి.

ఇట్లు,
నీ వార్షిక నివేదికలో ఒక అంకె