పొద్దున్నే వాకింగ్‌కి తరమకండి, ముందు నడుముని లేవనివ్వండి

నడుము నొప్పి అని నోరు తెరిస్తే చాలు, మనవాళ్ల దగ్గర రెండు సలహాలు రెడీగా ఉంటాయి. పొద్దున ఐదింటికల్లా లేచి గబగబా నడవమంటారు, లేదంటే భుజంగాసనం వేయమంటారు. ప్రేమతోనే చెబుతారు, కాదనను. కానీ లంబార్ స్టెనోసిస్, అంటే నడుము దగ్గర వెన్నులో నరాల దారి ఇరుకైపోయే జబ్బు, ఉన్నవాళ్లకి ఆ రెండూ, అందులోనూ నిద్ర లేచిన వెంటనే, ఎంత కష్టమో అందరికీ తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నాకు అరవై దాటాయి. టీచరుగా చేసి రిటైరయ్యాను. నడుము కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే పూసల దగ్గర నరాలు వెళ్లే దారి ఇరుకైందని ఎమ్మారైలో వచ్చింది. ఇదేమీ వింత జబ్బు కాదు, నెదర్లాండ్స్‌లో వెర్బీస్ట్ అనే న్యూరోసర్జన్ 1954లోనే దీని గురించి వివరంగా రాశాడు. వయసు పైబడే కొద్దీ పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు ఎండి కుంగుతాయి, వెనకవైపు కీళ్ల దగ్గర ఎముక పెరుగుతుంది, పూసల్ని కలిపి పట్టి ఉంచే లోపలి లిగమెంట్ మందమవుతుంది, అన్నీ కలిసి నరాల దారిని మూసుకొస్తాయి. నాలుగడుగులు వేసేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా లాగడం మొదలవుతుంది, కాళ్లు బరువెక్కుతాయి, తిమ్మిర్లు వస్తాయి. కూర్చుంటే కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. నిటారుగా నిలబడినా, నడుముని వెనక్కి వంచినా ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. అందుకే సూపర్ మార్కెట్లో ట్రాలీ మీదకి వాలి చాలాసేపు తిరగగలను గానీ, బిల్లు దగ్గర లైన్లో ఊరికే నిలబడలేను. మరి భుజంగాసనం ఏం చేస్తుంది? వెన్నుని వెనక్కే కదా వంచుతుంది. డిస్కు జారిన కొంతమందికి అది ఉపయోగపడుతుంది, నిజమే. నాకు మాత్రం పాదాలు మొద్దుబారతాయి. నడుము నొప్పులన్నీ ఒకటే అనుకుని ఒకే ఆసనం అందరి చేతా వేయించేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇక పొద్దుటి సంగతి. రాత్రంతా పడుకుని ఉంటాం కాబట్టి వెన్ను మీద బరువు పడదు, ఆ టైంలో డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. వానాకాలంలో చెక్క తలుపు నీళ్లు తాగి బిగుసుకుంటుంది చూడండి, అలాగన్నమాట. రాత్రి పడుకునే ముందు ఉన్న ఎత్తు కంటే పొద్దున మనం ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేది ఇందుకే. పగలంతా తగ్గే ఆ ఎత్తులో దాదాపు సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. అంటే ఆ గంటలో డిస్కులు ఇంకా బిర్రుగా ఉంటాయి, అప్పుడు నిలబడి బాగా కిందికి వంగితే వాటిమీద పడే ఒత్తిడి మామూలు కంటే చాలా ఎక్కువ. దానికి తోడు అరిగిన కీళ్లు రాత్రంతా కదలక పట్టేసి ఉంటాయి. వంగితే నరాలకి హాయి అన్నాను కదా, ఇప్పుడు వంగొద్దంటున్నానేమిటి అనకండి. పడుకుని మోకాళ్లు మెల్లగా దగ్గరికి తెచ్చుకోవడం వేరు, లేచీ లేవగానే నేల మీది బకెట్ కోసం వంగడం వేరు.

సరిగ్గా ఆ గంటలోనే మన ఇళ్లలో ఆడవాళ్లు ఏం చేస్తారో ఒకసారి చూడండి. వాకిలి ఊడవాలి, కళ్లాపి చల్లాలి, నడుము వంచి ముగ్గెయ్యాలి, బిందె ఎత్తాలి, రాత్రి అంట్లు తోమాలి, ఇవన్నీ అయ్యాకే కాఫీ. ధనుర్మాసంలో అయితే చలిలో, ఇంకా తెల్లవారకముందే. సంక్రాంతి ముగ్గులంటే నాకూ ప్రాణమే. కానీ ఆ ముగ్గు ఎనిమిదింటికి వేస్తే లక్ష్మీదేవి రానంటుందా? ఇంటి ఆడది పొద్దున కాసేపు ఆలస్యంగా లేస్తే ఆ ఇంటికి అరిష్టమన్నట్టు మాట్లాడతారే, ఆ మాటకి భయపడి నొప్పి పళ్లబిగువున భరిస్తూ వాకిట్లో వంగి నిలబడే అమ్మలు, అత్తలు ఎంతమంది ఉన్నారో.

ఇంకో బాధ ఉంది. ఈ నొప్పి పైకి కనపడదు. పొద్దున ఆరింటికి నేను మంచం అంచున కూర్చుని లేవలేకపోతుంటే ఎవరూ చూడరు. పదింటికి చుట్టాలొస్తే కుర్చీలో కూర్చుని నవ్వుతూ కబుర్లు చెబుతాను, ఎందుకంటే కూర్చుంటే నాకు నొప్పి ఉండదు, ఈ జబ్బు తీరే అంత. అది చూసి మా ఆడపడుచు "బాగానే ఉన్నావుగా వదినా, పొద్దున్నే కాస్త ఒళ్లు వంచితే అన్నీ సర్దుకుంటాయి" అంటుంది. మంచిదే ఆవిడ, అయినా ఆ మాట గుచ్చుకుంటుంది.

నా పొద్దుటి పద్ధతి చెబుతాను, మీకు సరిపడుతుందో లేదో మీ ఫిజియోని అడగండి. రాత్రి పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటాను. వెల్లకిలా పడుకుంటే దిండు మోకాళ్ల కింద. బోర్లా అస్సలు పడుకోను. మెలకువ వచ్చాక వెంటనే లేవను, పడుకునే పాదాలు ఆడిస్తాను, మడమలు పరుపు మీద జరుపుతూ మోకాళ్లు వంచి చాపుతాను, తర్వాత ఒక్కో మోకాలే రెండు చేతులతో పొట్టవైపు తెచ్చుకుంటాను. లేచేటప్పుడు నడుము మెలిపెట్టకుండా ఒళ్లంతా ఒకేసారి పక్కకి దొర్లి, కాళ్లు కిందికి దించుతూ మోచేతి ఊతంతో లేస్తాను. ఈలోగా మా ఆయన వేడినీళ్ల సంచి తెచ్చిస్తారు, దాంతో కాపడం, పక్కన కాఫీ. ఆ తర్వాత వేడినీళ్ల స్నానం, బకెట్ స్టూలు మీద పెట్టుకుని. నడక ఎండ వచ్చాకే, అదీ మధ్యమధ్య అరుగో బెంచీయో చూసుకుని కూర్చుంటూ. కదలకుండా పడుకోవడం దీనికి మందు కాదు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. కదలాలి, కానీ మన టైంకి, మన తీరులో.

మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని పొద్దున పరగడుపున వేసుకునేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. మన వయసులో సగం మంది ఇళ్లలో షుగరో బీపీయో ఉండనే ఉంటుంది. వెన్నులో ఇంజెక్షన్ అంటే కూడా తొందరపడకండి. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 400 మంది స్టెనోసిస్ పేషెంట్లని చూశారు, మత్తుమందుకి స్టెరాయిడ్ కలిపి ఇచ్చినా, ఒట్టి మత్తుమందే ఇచ్చినా ఆరు వారాల తర్వాత పెద్ద తేడా కనపడలేదు. మీ డాక్టరుని ఈ ప్రశ్న అడిగి, ఆయన చెప్పేది విని, అప్పుడు నిర్ణయించుకోండి.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. కూర్చునే భాగంలో, తొడల లోపలివైపు స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం వచ్చేస్తున్నా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అలాగే ఇంట్లో ముప్ఫైల్లో ఉన్న కుర్రవాడు పొద్దున అరగంటకి పైగా నడుము పట్టేసి, తిరుగుతుంటే తగ్గుతోందంటే అది నా జబ్బు కాకపోవచ్చు, కీళ్లవాతం డాక్టరుకి చూపించండి.

ఇక ఇదంతా మంచం దగ్గరికి కాఫీ వచ్చే నాలాంటి వాళ్లకి సరే. మా ఇంట్లో పని చేసే ఆవిడకీ యాభై దాటాయి, ఆవిడా "అమ్మా, పొద్దున కాళ్లు లాగేస్తన్నాయి" అంటుంది, కానీ ఆరింటికే మూడిళ్లలో గచ్చు తుడవాలి. తడిగుడ్డతో వంగి తుడిస్తేనే శుభ్రం అని పట్టుబట్టే ఇళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంట్లో పొడుగు కర్ర మాప్ కొన్నాం, ఆవిడని తొమ్మిదింటికి రమ్మన్నాం, జీతంలో ఏమీ తగ్గించలేదు. మిగతా రెండిళ్లతో మాట్లాడుతున్నాను, ఒకరు సరేనన్నారు, ఇంకొకరు ఇంకా ఏ మాటా చెప్పలేదు. మీ ఇంటికి వచ్చే మనిషిని కూడా పొద్దున నడుము ఎలా ఉంటోందో ఒకసారి అడగండి.