నర్సింగ్ కాలేజీ చూడ్డానికి వెళ్తున్నారా? ముందు వార్డు చూడండి

మా తోటికోడలి కూతురు ఈ ఏడు బైపీసీ పాసైంది, నర్సింగ్ చేస్తానంటోంది. నిన్న సాయంత్రం నాలుగు బ్రోచర్లు తెచ్చి "పిన్నీ, వీటిల్లో ఏది మంచిది?" అని నా ముందు పరిచింది. నాలుగింటి మీదా అద్దాల బిల్డింగు, ఏసీ బస్సు, తెల్లకోట్లేసుకుని నవ్వుతున్న అమ్మాయిలు. ఒక్కదాని మీద కూడా పేషెంటు లేడు.

పదమూడేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఇది చెప్పకపోతే ఆ పిల్లకి ద్రోహం చేసినట్టే.

నేను చదివిన కాలేజీకి వంద పడకల సొంత ఆసుపత్రి ఉందని కాగితాల మీద ఉండేది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన అదే మరి. ఆ పడకలు నిండేది మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజునే. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో జనాన్ని తెచ్చి పడుకోబెట్టేవాళ్లు. టెంపరేచరు, పల్స్ చార్టులు మాతోనే రాయించేవాళ్లు. ఒక ముసలాయన "ఎప్పుడు లేవమంటారమ్మా, గేదెల్ని తోలుకురావాలి" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఫలితం ఉద్యోగంలో తెలిసొచ్చింది. చదివినన్నాళ్లూ కాన్యులా, అదే సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, ఎక్కువగా రబ్బరు చేతికే పెట్టాను. చేరిన మొదటి వారం నైట్ డ్యూటీలో డెంగీతో ఆరేళ్ల బాబు వచ్చాడు. మూడుసార్లు గుచ్చినా వెయిన్ దొరకలేదు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి, గవర్నమెంటు ఆసుపత్రిలో ట్రైనింగ్ అయిన సీనియర్ అక్క వచ్చింది. బాబు చేతి వెనక వేలితో తడిమి, ఒక్కసారికే పెట్టేసింది. ఆ తల్లి నన్నొక్క మాట అనలేదు. కొంగుతో పిల్లాడి చేతి మీది రక్తం తుడుస్తూ కూర్చుంది.

డిగ్రీ నాది పెద్దది, చెయ్యి ఆమెది తిరిగింది.

అందుకే గాంధీ, ఉస్మానియా, వైజాగ్ కేజీహెచ్ లాంటి ఆసుపత్రుల్లో క్లినికల్స్, అంటే వార్డు ట్రైనింగ్, దొరికితే హాస్టల్ గోడ చెమ్మగా ఉన్నా సరే, చేరిపొమ్మంటాను. నిమ్స్, తిరుపతి స్విమ్స్, మంగళగిరి ఎయిమ్స్‌లో సీటొస్తే ఇంక ఆలోచించేదే లేదు. వెల్లూరు సీఎంసీలో బీఎస్సీ నర్సింగ్ 1946 నుంచి ఉంది. అక్కడ పాఠం చెప్పే మేడమే వార్డులోనూ బాధ్యత మోస్తుంది. అక్కడ చదివినవాళ్ల పక్కన డ్యూటీ చేస్తే ఆ తేడా కనిపిస్తుంది. 2023లో కేంద్రం మెడికల్ కాలేజీలకు అనుబంధంగా 157 నర్సింగ్ కాలేజీలకు ఒప్పుకుంది. కొత్తదని, బిల్డింగు లేదని వాటిని కొట్టిపారేయొద్దు. పక్కనే పేషెంట్లతో నిండిన ఆసుపత్రి ఉందా లేదా, అది చూడండి.

బెంగళూరు ఏజెంట్ల మాట కూడా చెప్పాలి. సీటుకింత అని కమిషన్ తీసుకునేవాడు పిల్ల భవిష్యత్తు చూడడు. అక్కడ చేరితే మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న ముక్క కూడా ముందు చెప్పడు. మా జూనియర్ ఒకమ్మాయి అలాగే వెళ్లి, ఇమడలేక వచ్చేస్తానంటే, నాలుగేళ్ల ఫీజూ కడితేనే ఇంటర్ మెమో, టీసీ ఇస్తామన్నారు. ఒరిజినల్స్ ఉంచుకుంటామనే కాలేజీ గుమ్మం ఎక్కొద్దు. "జర్మనీ గ్యారంటీ" అనేవాళ్లనీ నమ్మొద్దు. అక్కడ ఉద్యోగానికి కావాల్సిన బీ2 స్థాయి జర్మన్ భాష మన పిల్లే నేర్చుకోవాలి, కాలేజీ నేర్చుకోదు.

వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగి వచ్చేయకండి. పొద్దున పదింటికి ఓపీలో నిలబడండి. ఫైనలియర్ అమ్మాయిని పక్కకు పిలిచి "ఎన్ని కాన్పులు నీ చేత్తో చేశావమ్మా? చూసినవి కాదు, చేసినవి" అని అడగండి. నీళ్లు నమిలిందంటే ఆ కాలేజీ సంగతి అర్థమైనట్టే. ఒక్క స్టూడెంటుకి ముగ్గురు పేషెంట్లుండాలన్నది కౌన్సిల్ లెక్క. వార్డులో ఒక మంచం చుట్టూ పదిమంది యూనిఫాంలు కనపడితే వెనక్కి తిరిగి వచ్చేయండి.

గురువారం నాకు వీక్లీ ఆఫ్. పిల్లని తీసుకుని రెండు చోట్లకు వెళ్తున్నా. బ్రోచర్లు ఇంట్లోనే ఉంటాయి, ముందు లేబర్ రూమ్ దగ్గరికే.