నాన్న పేరిట ఇల్లు, కొడుకు జీతంలోంచి ఈఎంఐ

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకు సొంతూళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కొంటాడు. రిజిస్ట్రేషన్ రోజు ఇస్త్రీ పంచె కట్టుకొచ్చిన తండ్రి వేలిముద్ర వేసి, కెమెరా ముందు బిగుసుకుని కూర్చుంటాడు. దస్తావేజులో కొన్నవారిగా ఆయన పేరొక్కటే. ‘నాన్న పేరు మీద ఉంటే ఆయనకు గౌరవం’ అంటాడు కొడుకు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ చిక్కంతా ఆ ఒక్క పేరుతోనే మొదలవుతుంది.

పెన్షన్‌తో బతికే తండ్రికి బ్యాంకు ఇరవై ఏళ్ల అప్పు ఇవ్వదు. కొడుకును కో-అప్లికెంట్‌గా, అంటే అప్పు తీర్చే బాధ్యత పంచుకునేవాడిగా చేర్చి, అతని జీతం చూసి ఇస్తుంది. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 34,700 రూపాయలు. తొలి ఏడాది సుమారు 3.37 లక్షలు వడ్డీకే పోతాయి. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఏటా 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు ఉంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్‌తో కలిపి 62,400 రూపాయలు మిగులుతాయి. అయితే ఈఎంఐ కడితే చాలదు, ఇంట్లో వాటా కూడా ఉండాలి. కొడుక్కి వాటా లేదు. తండ్రికి వాటా ఉన్నా పన్ను పడేంత ఆదాయం లేదు. ఆ డబ్బు ఇద్దరికీ దక్కదు. కొత్త విధానంలో ఈ మినహాయింపే లేదు కాబట్టి అందులో ఉన్నవారికి ఈ నష్టం లేదు.

అసలు కష్టం వారసత్వం దగ్గర వస్తుంది. వీలునామా లేకుండా తండ్రి కన్నుమూస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వెళ్తుంది. ఆయన తల్లి ఉంటే ఆమెకూ ఒక వాటా. అప్పు మాత్రం కో-అప్లికెంట్‌ను వదలదు. చెల్లెలు తన భాగం అడగడం అత్యాశ కాదు, అది ఆమె హక్కు. ‘పదేళ్లు నేను కట్టాను’ అనే అన్న మాటా అబద్ధం కాదు. ఇద్దరూ న్యాయం మాట్లాడుతూనే పండక్కి ఒకరి గుమ్మం ఒకరు తొక్కని స్థితికి వస్తారు. ‘ఇల్లు నాదే, నాన్న పేరు ఊరికే పెట్టాం’ అని వాదించబోతే, ఒకరి డబ్బుతో మరొకరి పేరిట ఆస్తి కొనడాన్ని నిషేధించే బినామీ చట్టం మెడకు చుట్టుకుంటుంది. 2016 సవరణ తర్వాత, తల్లిదండ్రుల పేరిట కొన్నదానికి అందులో మినహాయింపు దొరకాలంటే పత్రంలో డబ్బు పెట్టినవాడి పేరూ జాయింటుగా ఉండాలి, ఆ డబ్బు ఎక్కడిదో చూపగలగాలి.

అందుకే ఇద్దరి పేర్లూ పెట్టించండి. తండ్రికి పది, కొడుక్కి తొంభై అనుకుంటే ఆ వాటాలు దస్తావేజులోనే రాయించండి. తర్వాత గిఫ్ట్ డీడ్‌తో మార్చుకుందామంటే మళ్లీ స్టాంపు డ్యూటీ కట్టాలి. తండ్రి వాటాకు వీలునామా చాలు, దానికి స్టాంపు డ్యూటీ లేదు. అడ్వాన్సు ఇవ్వకముందే అక్కచెల్లెళ్లకు ఫోన్ చేసి అంతా చెప్పండి. గౌరవం కోసమైతే గుమ్మం పక్క నేమ్‌ప్లేటు మీద నాన్న పేరొక్కటే వేయించండి.