మురుగుకు మొహమాటం లేదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో కాపురముంటున్న సాటి తెలుగువారికి మనవి. మనకు జ్వరం వస్తే ఒప్పుకోం. "ఎండదెబ్బ" అంటాం, "నిన్న పెళ్లి భోజనం పడలేదు" అంటాం. పరీక్షకెళితే వీధికి అడ్డంగా వెదురు కట్టేస్తారన్న 2020 నాటి భయం ఇంకా పోలేదు. కాబట్టి ప్రభుత్వాలు ఇకపై మనల్ని అడగడం మానేసి, మన మురుగును అడగాలి, అంటే మురుగులో వైరస్‌ను వెతికి ఊళ్లో రోగాన్ని పసిగట్టాలి.

మురుగు దాచదు. కరోనా సోకినవారిలో చాలామంది మలంలో ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) బయటికి పోతుంది, దగ్గు కూడా రానివాళ్లతో సహా. 2013లో ఇజ్రాయెల్‌లో ఒక్క బిడ్డకూ కాలు పడిపోకుండానే మురుగులో పోలియో వైరస్ బయటపడింది. పైగా మురుగు పేటను పట్టిస్తుందే గాని ఇంటి నంబరు చెప్పదు. ఇంత మర్యాద మన పక్కింటివాళ్లకు కూడా లేదు.

నమూనా తీయడానికి పొద్దున్నే, ఊరంతా మరుగుదొడ్లకు వెళ్లే వేళకు చేరాలి. పైన తేలే నురగ వద్దు, అడుగు బురద వద్దు, మధ్యలో పారే నీళ్లు ఒక లీటరు చాలు. సీసాను నాలుగు డిగ్రీల దగ్గర ఐసుపెట్టెలో పెట్టాలి. చీటీ మీద జెల్‌పెన్నుతో రాశారా, ఐసు కరిగాక ఊరి పేరు కూడా కరుగుతుంది. అప్పుడు ఆ రోగం ఏ పేటకైనా చెందవచ్చు.

అసలు చిక్కు మరొకటి. మన వీధికాలువలో పారేది చాలావరకు స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు. అసలు సరుకు సెప్టిక్ ట్యాంకులో నిద్రపోతోంది. పోనీ ట్యాంకు ఖాళీ చేసే లారీ దగ్గర పడదామంటే, అది తెచ్చేది మూడేళ్ల చరిత్ర. మనకు కావలసింది ఈ వారం వార్త. అందుకే హాస్టళ్లు, ఆస్పత్రులు, బస్టాండు మరుగుదొడ్ల పైపు దగ్గర కాపు కాయడం మేలు. పెద్దసారు పర్యటన ఉన్న రోజు మాత్రం వెళ్లకండి. ఆ ముందురాత్రే బ్లీచింగ్ పౌడర్ బస్తాలు దిగుతాయి. అందులోని క్లోరిన్‌కు ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతుంది, ఊరు సంపూర్ణ ఆరోగ్యవంతమని రిపోర్టు వస్తుంది.

వాన కురిస్తే మురుగు పలచబడి రోగం తగ్గినట్టు కనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి శాస్త్రజ్ఞులు మిరప మొక్కలకు తెగులు తెచ్చే ఒక వైరస్‌ను కొలుస్తారు. మనిషికి హాని చేయదు, మిరప తిన్న చాలామంది కడుపులోంచి క్షేమంగా బయటికొస్తుంది. అది ఎంత ఉంటే మురుగులో మనుషుల వాటా అంత. రోగపు వైరస్‌ను దాంతో భాగిస్తారు. ఇక్కడే మా ఆందోళన. ఆవకాయ జాడీ తెరిచిన నెలలో తెలుగువీధి హారం (కింద ఉండే భాగించే అంకె) ఒక్కసారిగా ఉబ్బిపోయి, రోగం ఒడియా వీధిలోనే ఉన్నట్టు తేలదని ఎవరు హామీ ఇస్తారు? జాడీలకు రిజిస్టరు తెరవాలని డిమాండ్ చేస్తున్నాం.

ల్యాబులో నమూనాను 60 డిగ్రీల దగ్గర గంటకు పైగా కాచి, రసాయనం, ఉప్పు కలిపి గిర్రున తిప్పి వైరస్‌ను అడుగుకు దించి, ఆర్‌టీపీసీఆర్ చేస్తారు. వచ్చే సీటీ సంఖ్య (వైరస్ కనబడడానికి యంత్రం దాన్ని ఎన్నిసార్లు రెట్టింపు చేయాల్సి వచ్చిందో ఆ లెక్క) తిరకాసుది: అది తగ్గిందంటే వైరస్ పెరిగినట్టు. 35 కాస్తా 28 అయితే వైరస్ దాదాపు 128 రెట్లు పెరిగిందన్నమాట. ఇది తెలియని అధికారి "ఏడు పాయింట్లు తగ్గించాం" అని సన్మానం చేయించుకునే ప్రమాదం ఉంది. శాలువా ఖర్చు ముందే మంజూరు చేస్తే మంచిది.

ఇక సరిహద్దు. మహేంద్రతనయ నది పర్లాకిమిడి పక్కనుంచి ఆంధ్రలోని పాతపట్నం వైపు సాగి వంశధారలో కలుస్తుంది. మనుషులకు ఈ-పాస్ అడిగిన రోజుల్లోనూ దాన్ని ఎవరూ ఆపలేదు. అందులో దొరికిన వైరస్ ఒడిశాదా, ఆంధ్రదా? ఒడియాలో ఒక ఉత్తరం, తెలుగులో ఒక ఉత్తరం నడుస్తాయి. అవి తేలేదాకా సీసా ఐసుపెట్టెలోనే ఉంటుంది. ఐసు ఎవరు మార్చాలన్నది వేరే ఫైలు.